పాత ట్రాక్టరు కొనేటప్పుడు రంగు చూడకండి, నూనె చూడండి

నేను మొదట కొన్న పాత ట్రాక్టరుని మా ఊళ్ళో ఇప్పటికీ "పెళ్ళికూతురు" అనే అంటారు. 2016లో తెచ్చాను. బానెట్ నిగనిగలాడుతోంది. మడ్‌గార్డుల మీద కొత్త స్టిక్కర్లు, స్టీరింగుకి అల్లిన తొడుగు, ముందు నిమ్మకాయల దండ. ఆ ముస్తాబు చూసి లక్షా డెబ్బై వేలు లెక్కపెట్టి ఇచ్చి ఇంటికి తోలుకొచ్చాను. పదకొండో రోజు వరి మడిలో బురద దున్నే దమ్ములో ఉండగా గేరు పడలేదు. మేస్త్రి వచ్చి వెనక హౌసింగు కింద డ్రెయిన్ బోల్టు ఊడదీశాడు. నూనె వస్తుందని బేసిన్ పెట్టుకుని గొంతుక్కూర్చున్నాం. నీళ్ళొచ్చాయి. తేటగా, బోరు నీళ్ళలా, రెండు లీటర్ల పైన. వాటి వెనక, పాలు ఎక్కువ పోసిన టీ రంగులో చిక్కగా ఏదో. అందులో నూనె ఎక్కడుందో వెతుక్కోవాలి. "బాబాయ్, నువ్వు ట్రాక్టరు కొన్లేదు, చెరువు కొన్నావు" అన్నాడు మేస్త్రి.

దాన్ని రెండేళ్ళు మోసి, చివరికి తూకానికి అమ్మినంత పని చేశాను. 2022 జనవరిలో మళ్ళీ కొన్నాను. 1998 మోడల్ మాస్సీ ఫెర్గూసన్ 1035. రంగు వెలిసిపోయి, ఒక హెడ్‌లైటు లేకుండా, సీటు బదులు గోనెసంచితో ఉంది. అదే ఇప్పుడు మా ఆరెకరాలూ, చుట్టుపక్కల వాళ్ళవి ఇంకో పాతిక ఎకరాలూ దున్నుతోంది. ఈ రెండు బళ్ళ మధ్య నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను మెకానిక్‌ని కాదు, రేపల్లె వైపు రైతుని. పక్కన ఒక మంచి మేస్త్రి ఉంటేనే ఇదంతా పనికొస్తుంది, ఆ మాట ముందే చెప్తున్నా.

బండి చూడ్డానికి ముందు స్పేర్ల షాపుకి

ఏ కంపెనీ మంచిదని అందరూ అడుగుతారు. నేనైతే మీ ఊరికి దగ్గర్లో ఉన్న స్పేర్ల షాపుకి వెళ్ళి ఐదు వస్తువులు అడగమంటాను: క్లచ్ ప్లేటు, హెడ్ గ్యాస్కెట్, వాటర్ పంపు, కింగ్ పిన్ను (ముందు చక్రం మలుపు తిరిగే పిన్ను) సెట్టు, వెనక గొర్రునీ నాగలినీ ఎత్తే లిఫ్టు పంపు కిట్టు. అడగ్గానే అర నుంచి తీసి బల్ల మీద పెడితే ఆ మోడల్ కొనొచ్చు. "రేపు తెప్పిస్తా" అంటే ఆలోచించాలి. "ఇప్పుడెవరు వాడుతున్నారండీ అవి" అంటే ఇంటికొచ్చేయండి. పాత హెచ్.ఎం.టి. బళ్ళంటే ప్రాణం పెట్టేవాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు, చెక్ కంపెనీ జెటార్ డిజైనుతో వచ్చిన గట్టి బళ్ళవి. కానీ 2016లో కేంద్రం ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని నిర్ణయించింది. దుక్కి రోజున ఒక చిన్న గేరు కోసం నాలుగు ఊళ్ళు తిరిగే ఓపిక ఉంటేనే వాటి జోలికి వెళ్ళండి.

నేను 1035 ఎంచుకున్నది ఈ లెక్కతోనే. ఈ మాస్సీ బళ్ళు ఇక్కడ తయారుచేసే టాఫే కంపెనీ 1960లో మద్రాసులో పుట్టింది. సింప్సన్ ఇంజను కూడా ఆ గ్రూపుదే. మూడు సిలిండర్లు, లోపల ఎలక్ట్రానిక్స్ అనేవే లేవు. మా వైపు ఏ లేతు వాడైనా కళ్ళు మూసుకుని దీని సైజులు చెప్తాడు. మహీంద్రా, స్వరాజ్ పాత మోడళ్ళకీ మీ వైపు అంత పట్టు ఉంటే అవీ మంచివే. మీ మేస్త్రి చెయ్యి ఏ బండి మీద తిరిగిందో అదే మీ బండి.

ఇక అసలు సంగతి, ఆ బండి ఎక్కడ పనిచేసిందన్నది. మా డెల్టాలో ట్రాక్టరు అంటే దమ్ము. ఇనుప చక్రాలు తగిలించి యాక్సిల్ దాకా బురదలో దించుతాం. సీళ్ళు (నూనె కారకుండా ఆపే రబ్బరు రింగులు) కొంచెం అరిగినా చాలు, నీళ్ళు లోపలికి పోతాయి. మాస్సీలాంటి బళ్ళలో గేర్‌బాక్సుకీ, లిఫ్టుకీ ఒకటే నూనె. నీళ్ళు చేరాయంటే గేర్లు, బేరింగులు తుప్పుపడతాయి, లిఫ్టు పంపూ పోతుంది. అందుకని రెండోసారి నేను మెట్ట ప్రాంతానికి వెళ్ళాను. వినుకొండ, దర్శి, కనిగిరి వైపు వారం రోజులు తిరిగాను.

మెట్ట బండికి దాని జబ్బులు దానికుంటాయి. దుమ్ము. ఎయిర్ క్లీనరు పట్టించుకోకపోతే ఆ దుమ్ము ఇంజన్లోకి పోయి రింగులూ లైనర్లూ తినేస్తుంది. అయినా నా ఓటు దానికే. ఇంజను పనికి ఎంతవుతుందో ముందే లెక్క కట్టొచ్చు. సెట్టు (పిస్టన్లు, రింగులు, లైనర్లు) ధర షాపులో అడిగితే చెప్తారు. గేర్‌బాక్సు తెరిచాక ఎన్ని గేర్లు పోయాయో దేవుడికే తెలియాలి. ఇంజను అరిగిన బండిని బేరమాడి కొనండి, గేర్‌బాక్సు తడిసిన బండిని ఊరికే ఇచ్చినా వద్దనండి.

ఇటుక బట్టీలకీ, కంకరకీ తిరిగిన బండిని కనిపెట్టడం తేలిక. వెనక ట్రక్కు (ట్రెయిలరు) తగిలించే చోట పిన్ను రంధ్రం చూడండి. గుండ్రంగా ఉంటే పొలం బండి. కోడిగుడ్డులా సాగిపోయి ఉంటే ఏళ్ళ తరబడి లోడు లాగిన బండి. దాని క్లచ్చూ బ్రేకులూ అయిపోయి ఉంటాయి. గంటల మీటరు చూసి నమ్మేవాళ్ళంటే నాకు జాలి. పాత బళ్ళలో అది చాలావాటికి పనిచెయ్యదు. మీటరు వదిలేసి క్లచ్ పెడల్ చూడండి, ఒక పక్కే అరిగి నున్నగా మెరుస్తుంటే అదే అసలు మీటరు.

తెల్లవారుజామునే, చెప్పకుండా

అమ్మేవాడికి ఫోను చేసి వెళ్తే మీరు వెళ్ళేసరికి ఇంజను వేడిగా ఉంటుంది. వేడి ఇంజను ఎంత ముసలిదైనా ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. దర్శి దగ్గర ఒక పల్లెలో "తొమ్మిదింటికి రండన్నా" అన్నాడొకాయన. నేను ఆరున్నరకే దిగాను. బండి చప్పుడు చెయ్యకుండా పాకలో ఉంది కానీ బ్లాకు మీద చెయ్యి పెడితే కాలింది. ఏం మాట్లాడకుండా టీ తాగి వచ్చేశాను.

బ్లాకు చల్లగా ఉందని తేలాక, స్టార్టు చెయ్యకముందే మూడు చోట్ల నూనె చూడండి. ఇంజను డిప్‌స్టిక్ తీసి ఆ చుక్కని బొటనవేలూ చూపుడువేలూ మధ్య రుద్దండి. నల్లగా ఉండడం తప్పు కాదు, డీజిల్ ఇంజన్లో నూనె నల్లగానే ఉంటుంది. గరుకు తగిలితే తప్పు. తెల్లటి మీగడలా ఉంటే నీళ్ళు కలిశాయన్నమాట, హెడ్ గ్యాస్కెట్ పోయిందో హెడ్డు చిట్లిందో. రెండోది గేరు ఆయిల్. డిప్‌స్టిక్ మీద మాత్రమే చూసి ఊరుకోవద్దు, ఎందుకంటే నీళ్ళు బరువు, అడుక్కి పోతాయి. రాత్రంతా కదలకుండా ఉన్న బండికి కింద డ్రెయిన్ బోల్టు రెండు చుట్లు వదులు చేసి ఒక గాజుగ్లాసు పట్టండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు. మూడోది రేడియేటరు. మూత తీసి చూస్తే నీళ్ళ మీద నూనె పొర తేలకూడదు.

ఇప్పుడు స్టార్టు చెయ్యండి. మొదట కాసేపు తెల్లపొగ వచ్చి పోతే భయం లేదు. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే నీళ్ళు సిలిండర్లోకి పోతున్నాయో, డీజిల్ చిమ్మే నాజిల్ పోయిందో. నీలం పొగ అంటే ఇంజను ఆయిల్ తాగుతోంది. లోడు మీద నల్లపొగ వస్తే ముందు ఎయిర్ క్లీనరు చూడండి, చాలాసార్లు అక్కడే తీరిపోతుంది. ఆ తర్వాత ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రానికి ఒక అంగుళం పైన అరచెయ్యి పెట్టండి. సన్నగా ఊపిరిలా తగిలితే పర్లేదు. పొయ్యి గొట్టంతో ఊదినట్టు బుస్సుబుస్సుమంటూ పొగ తన్నుకొస్తే రింగులు అయిపోయాయి. రేడియేటరు మూత తీసి ఉంచే స్టార్టు చేస్తే, హెడ్ గ్యాస్కెట్ పోయిన బండిలో నీళ్ళలో బుడగలు కూడా చూడొచ్చు, కానీ అది ఇంజను చల్లగా ఉన్నప్పుడే. వేడి రేడియేటరు మూత తీసి ముఖం కాల్చుకున్నవాళ్ళు నాకు తెలుసు.

లిఫ్టు చూడ్డానికి గొర్రు తగిలించమనండి. ఏమీ తగిలించకుండా లిఫ్టు చేతులు లేవడం పరీక్ష కాదు. గొర్రుని పైకెత్తి ఇంజను ఆపి, పదిహేను నిమిషాలు కబుర్లు చెప్పండి. కొద్దిగా దిగితే సర్దుకోవచ్చు. ఆపగానే నేలకి తగిలితే ఖర్చు ఉంది. ఒక చిన్న మాట, 1035లో లిఫ్టు పంపు పీటీఓతోనే (వెనక పనిముట్లని తిప్పే షాఫ్టు) తిరుగుతుంది. పీటీఓ లివరు వెయ్యకుండా లిఫ్టు లేవట్లేదని నేను ఒకచోట గొడవ కూడా పెట్టుకున్నాను. ఆయన నవ్వి లివరు వేశాడు, సిగ్గేసింది.

తర్వాత బండిని తోలండి. అన్ని గేర్లూ, రివర్సుతో సహా. దిగుడు రోడ్డు మీద గేరు దానంతటది జారి బయటికొస్తే వదిలేయండి. బ్రేకులు విడివిడిగా ఎడమా కుడీ తొక్కి చూడండి. ముందు యాక్సిల్‌ని జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కింగ్ పిన్ను, బుష్షుల సంగతి తెలుస్తుంది. అక్కడ ఎంత ఊగినా నేను భయపడను, చవక పనే. టైర్లకి భయపడాలి. వెనకవి 12.4×28 సైజు. పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం చేసినదని. మందంగా ఉన్నా పక్కలు బీటలు వారితే అది టైరు కాదు. నాకు జత 33 వేలయింది. బేరంలో ముందు అక్కడే తగ్గించమనండి.

మూడిళ్ళు చూసి, నాలుగోది కొన్నాను. వాళ్ళ నాన్నగారు పోయాక రెండేళ్ళుగా కదలని బండి. డిప్‌స్టిక్ మీద నల్లటి నూనె, గేరు ఆయిల్ తేనె రంగు, గ్లాసులో నీటి చుక్క లేదు. ఇంజను మాత్రం ముసలాయనలా దగ్గుతోంది, ఎయిర్ క్లీనరు గిన్నెలో నూనె బదులు ఎండిన మట్టి ముద్ద. లక్షా అరవై అన్నారు, లక్షా నలభై రెండు వేలకి తెగింది.

కాగితాలు

కాగితాల దగ్గర మొహమాటం పడితే తర్వాత ఏడవాలి. బండి నంబరు ప్రభుత్వ వెబ్‌సైటు పరివాహన్‌లో కొట్టి చూడండి, హైపోథికేషన్ (బండి మీద అప్పు) ఉందో లేదో కనిపిస్తుంది. ఆ అప్పు ఎప్పుడో తీరిపోయిందని నోటితో అంటే కుదరదు. బ్యాంకు ఇచ్చిన ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), సంతకాలు చేసిన ఫారం 35 చేతికి రావాలి. ఛాసిస్ నంబరు మీద రంగు ఉంటే గీకించి, పైన తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. అంకెలు ఆర్సీతో సరిపోవాలి. ఇంజను నంబరూ అంతే, ఇంజను మార్చిన బళ్ళు ఉంటాయి.

ఓనరు మార్పుకి ఫారం 29, ఫారం 30. తెలంగాణ నుంచి ఆంధ్రాకి తెస్తే ఫారం 28 ఎన్ఓసీ కూడా. 15 ఏళ్ళు దాటిన బండికి ఆర్సీ రెన్యువల్ అయిందో లేదో చూడండి, కాకపోతే ఆ ఖర్చూ తిరుగుడూ ఎవరివో ముందే తేల్చుకోండి. ట్రక్కు కూడా ఇస్తానంటే దానికి వేరే నంబరు, వేరే ఆర్సీ ఉంటాయని మర్చిపోవద్దు. నాకు అమ్మినవాళ్ళది ఓనరు చనిపోయిన కేసు కాబట్టి ముందు వాళ్ళ పేరు మీదికి మార్పించి, ఆ తర్వాతే మిగతా 20 వేలు ఇచ్చాను. రెండు నెలలు పట్టింది. మా ఆవిడ "కాగితాల కోసం పెళ్ళి వాయిదా వేసినట్టుంది" అంది. పట్టనివ్వండి.

విప్పడానికి ముందు వారం

తెచ్చిన రోజే విప్పేయకండి. ముందు డీజిల్‌తో రుద్ది, ప్రెషర్ నీళ్ళతో కడిగించండి. డైనమో, సెల్ఫ్, ఎయిర్ గొట్టాలకి సంచులు కట్టాలి. కడిగాక వారం రోజులు తేలికపని చేయించండి. శుభ్రంగా ఉన్న ఇనుము మీద ఎక్కడ తడి వస్తుందో అక్కడ చాక్‌పీసుతో గుండ్రంగా గీసుకోండి. నా బండి మీద తొమ్మిది సున్నాలు తేలాయి. ఏ సీలు మార్చాలో అవే చెప్పాయి. పాతబండి కదా అని అన్నీ విప్పే మేస్త్రులు ఉంటారు. గేర్‌బాక్సు బాగుంటే దాని మీద చెయ్యి వెయ్యనివ్వకండి.

విప్పేటప్పుడు ప్రతి దశకీ ఫోనులో ఫొటో తీయండి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి. బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోస్తే బిగించేటప్పుడు నరకం. మా పాపకి వచ్చిన అట్టపెట్టె మీద హెడ్డు బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ రంధ్రానిదో అక్కడే గుచ్చాను. మేస్త్రి మొదట నవ్వాడు. తర్వాత టైమింగ్ కవరు దగ్గర పొట్టి బోల్టు ఏదో పొడుగు బోల్టు ఏదో తేలనప్పుడు ఆ అట్టకోసమే వెతికాడు.

క్లచ్ కోసం బండిని రెండు ముక్కలు చెయ్యాల్సి వస్తుంది. అక్కడ ఒక్క విషయం ప్రాణం మీదికి తెచ్చేది ఉంది. ముందు యాక్సిల్ మధ్య పిన్ను మీద ఊయలలా ఊగుతుంది కదా. వెనక సగం విడిపోగానే ఇంజను ఆ పిన్ను మీద పక్కకి ఒరిగిపోతుంది. అందుకని విప్పకముందే యాక్సిల్‌కీ, పైనున్న సపోర్టుకీ మధ్య రెండువైపులా చెక్క చీలలు బిగించి కొట్టాలి. మేం తుమ్మ చెక్కలు పెట్టాం. బరువు జాకీ మీద వదలొద్దు, రెండు సగాల కిందా మొద్దులు పేర్చాలి. నేల సిమెంటుదైతే మేలు. మట్టినేల మీద వాన పడితే మొద్దు కుంగుతుంది.

ఇంజను

ఇక్కడే డబ్బు పోతుంది, ఇక్కడే తొందరపడతారు కూడా. బ్లాకు, క్రాంకు, హెడ్డు ట్రాలీ ఆటోలో వేసుకుని విజయవాడ ఆటోనగర్‌కి పోయాను. క్రాంకు చూడగానే చెప్పకూడదు, మైక్రోమీటరుతో ప్రతి జర్నల్‌నీ (బేరింగులో తిరిగే గుండ్రటి భాగం) రెండువైపులా కొలవాలి. ఊడదీసిన మెటల్స్ (క్రాంకు తిరిగే బేరింగు చిప్పలు) పారెయ్యకండి, వాటి వీపు మీద సైజు కొట్టి ఉంటుంది. నా వాటి మీద 020 అని ఉంది. అంటే ఇంతకుముందే ఒకసారో రెండుసార్లో గ్రైండింగ్ అయింది, 20 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు) తగ్గింది. ఇప్పుడు 30కి వెళ్ళాం. ఇంక దాని పని అదే ఆఖరు, ఈసారి పోతే కొత్త క్రాంకే. ఆ 020 అన్న మూడంకెలు బేరానికి ముందు తెలిసుంటే ఇంకో పదివేలు తగ్గించమనేవాణ్ణి, కానీ ఇంజను విప్పకుండా ఎవరికి తెలుస్తుంది.

కొత్త సెట్టు వేసేటప్పుడు రింగులు డబ్బాలోంచి తీసి నేరుగా పిస్టన్‌కి ఎక్కించనివ్వకండి. ఒక్కో రింగునీ లైనర్లో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా కొంచెం కిందికి నెట్టి, రెండు కొసల మధ్య సందుని ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులు) కొలవాలి. మాన్యువల్లో చెప్పిన దానికంటే తక్కువుంటే, వేడికి రింగు సాగి కొసలు కలిసి లైనర్ని చీరేస్తుంది. మూడు సిలిండర్లకీ ఇది చెయ్యడానికి గంట పట్టింది. ఆ గంట ఓపిక లేని మేస్త్రి చేతిలో ఇంజను పెట్టొద్దు. రింగు కొసలన్నీ ఒకే వరసలో రాకుండా తిప్పిపెట్టడం కూడా దగ్గరుండి చూడండి.

హెడ్డు ఫేసింగ్ చేయించి, వాల్వులు పేస్టుతో రుద్దించాక, హెడ్డుని పక్కకి నిలిపి వాల్వుల వెనక దారుల్లో కిరసనాయిలు పోశాం. పది నిమిషాల తర్వాత ఒక వాల్వు అంచు చుట్టూ చెమట పట్టినట్టు తడి కనిపించింది. మళ్ళీ రుద్దాల్సిందే. హెడ్డు బిగించేటప్పుడు నడిమి బోల్టు నుంచి బయటికి, మూడు విడతల్లో, బిగింపు ఎంతో చూపించే టార్క్ రెంచితో. మా మేస్త్రి దగ్గర టార్క్ రెంచి లేదు, "నా చెయ్యే రెంచి" అన్నాడు. నేను అద్దెకి తెచ్చిచ్చాను. అలిగాడు, టీ తాగించాను. ఇంజను వేడెక్కి చల్లారాక ఇంకోసారి బిగించి, వాల్వుల సందు చూసుకోవాలి.

డీజిల్ పంపు, నాజిళ్ళు ఇంటి దగ్గర ముట్టుకోవద్దు. అవి కాలిబ్రేషన్ మిషను ఉన్న షాపులోనే. నాజిల్ కింద రాగి వాషర్లు మాత్రం పాతవి వెయ్యనివ్వకండి, ఐదు రూపాయల వస్తువు కోసం కంప్రెషన్ పోతుంది. ఎయిర్ క్లీనరు గిన్నె కడిగి, గీత దాకా మాత్రమే నూనె పొయ్యండి. గీత దాటితే ఇంజను ఆ నూనెనే పీల్చేస్తుంది.

గాలి తీయడం

అన్నీ బిగించాక బండి లేవలేదని సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ చంపుతారు. డీజిల్ దారిలో గాలి ఉంటే ఇంజను లేవదు. ట్యాంకు నిండా డీజిల్ ఉంచండి. ఫిల్టరు పైనున్న చిన్న స్క్రూ వదులు చేసి, చేతి పంపు లివరు కొడుతూ ఉండండి. ముందు బుసబుసలాడుతూ నురగ వస్తుంది. నురగ ఆగి, డీజిల్ తీగలా ధార కట్టాక, లివరు కొడుతుండగానే స్క్రూ బిగించండి. అదే పని రెండో ఫిల్టరు దగ్గర, ఆ తర్వాత పంపు మీది స్క్రూ దగ్గర. చివరికి నాజిళ్ళకి వెళ్ళే గొట్టాల నట్లు ఒక చుట్టు వదులు చేసి, యాక్సిలేటరు లాగి సెల్ఫ్ కొడితే ఒక్కో నట్టు దగ్గర డీజిల్ చిమ్ముతుంది. ఒక్కొక్కటీ బిగిస్తూ పోవాలి. చిమ్మే చోట చెయ్యి అడ్డం పెట్టకండి, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది.

మా బండి రెండో నట్టు బిగిస్తుండగా ఒక సిలిండరు మీద లేచింది. తడబడుతూ, దడదడమంటూ. మూడోది బిగించగానే మూడూ కలిశాయి. పాకలో కోళ్ళన్నీ బయటికి పరిగెత్తాయి. మొదట చూడాల్సింది ఆయిల్ ప్రెషర్ మీటరు. పదిపదిహేను సెకన్లలో ముల్లు లేవకపోతే ఆపేయండి. మొదటి 50 గంటలు నాగలి కట్టలేదు, గొర్రుతో పైపైన తోలాను. తర్వాత ఇంజను ఆయిల్, ఫిల్టరు మార్చాను.

మిగతావి, ఖర్చు

వైరింగు ఎలకలు కొరికింది, మొత్తం కొత్తది వేయించా, దాని గురించి చెప్పేదేం లేదు. వెనక యాక్సిల్ సీళ్ళు మాత్రం బాగున్నా మార్చండి. అవి కారితే నూనె బ్రేకు లైనింగుల మీద పడుతుంది, అప్పుడు బ్రేకులు ఉన్నట్టే ఉండి రోడ్డు మీద పట్టవు. రోడ్డెక్కేటప్పుడు రెండు బ్రేకు పెడల్సూ కలిపే కొక్కెం వేసుకోండి. అది పోయి ఉంటే ఒకటి చేయించండి, ఒక చక్రానికే బ్రేకు పడితే బండి తిరగబడుతుంది.

ఖర్చు 60 వేలు అనుకున్నాను. టైర్లు 33 వేలు, సెట్టూ మెటల్స్ గ్యాస్కెట్లు 21,500, లేతు పని 7,800, పంపూ నాజిళ్ళు 9,400, క్లచ్ 8,700, ఆయిళ్ళే 9,100. మేస్త్రికి 14 వేలు. చిల్లరమల్లరతో, తర్వాత వేసిన రంగుతో కలిపి 1,31,200 తేలింది. కొన్న ధరతో కలిపితే 2,73,200. ఆ ఏడాది కొత్తది ఐదున్నర లక్షల పైమాట. బాగుందనే అనుకుంటున్నా, కానీ నాలుగు నెలలు బండి లేకుండా అద్దెకి దున్నించిన డబ్బు ఈ లెక్కలో వెయ్యలేదు. దుక్కుల ముందు కొని దుక్కులకే వాడాలనుకునేవాళ్ళు ఈ పని పెట్టుకోవద్దు. సంక్రాంతికి కొంటే జూన్‌కి సిద్ధమవుతుంది.

రంగు ఒక పంట గడిచాకే వేయించాను. ముందే వేస్తే కారేది కనపడదు. తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, బానెట్‌కి మాస్సీ ఎరుపు, ఇంజనుకి బూడిదరంగు. స్టిక్కర్లు వద్దన్నాను, పెయింటరు బాధపడ్డాడు. వెనక హౌసింగు కింద డ్రెయిన్ బోల్టు చుట్టూ జానెడు చోటు మాత్రం వట్టి ఇనుముగానే వదిలేయించాను. ఏటా దమ్ముకి ముందొకసారి, దమ్ములయ్యాక ఒకసారి, రాత్రంతా నిలిపిన బండికి ఆ బోల్టు రెండు చుట్లు వదులు చేసి గాజుగ్లాసు పడతాను. నిరుడు దమ్ములయ్యాక చెంచాడు నీళ్ళు వచ్చాయి. ఆ మధ్యాహ్నమే ఎడమ యాక్సిల్ సీలు మార్పించాను.